కనుబొమ్మ పైకెత్తిన చూపు

రేడియోలో ఈ ప్రసంగము వినలేకపోయినవారు ఇప్పుడు ఈ పేజీలలో నెమ్మదిగా చదువుకొనండి. పక్కన బైబిలు తెరచి పెట్టుకొంటే మరీ మంచిది. ఎందుకంటే ఈ దినము మనము ఒక ఇంగ్లీషు మాటతో మొదలుపెట్టి, దాని వెంట నడుస్తూ లూకా సువార్త నాలుగవ అధ్యాయము వరకు వెళ్లబోతున్నాము.

ఆ మాట 'సూపర్‌సిలియస్'. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పోటీ పరీక్షలకు చదువుకొనే మన పిల్లల పుస్తకాలలో ఈ మాట కనబడుతుంది. నిఘంటువు తీసి చూస్తే 'గర్వముతో ఇతరులను చులకన చేయు' అని అర్థము చెబుతుంది. పిల్లలు దానిని బట్టీ పట్టి, పరీక్ష వ్రాసి, మరచిపోతారు. అయితే ఈ మాట ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొంటే మరచిపోవడం కష్టము. ఎందుకంటే దీని కథ మన ముఖము మీదనే వ్రాయబడియున్నది.

మాటలోపల ఏమున్నది?

ఇది లాటిను భాషనుండి వచ్చిన మాట. లాటిను అంటే పాత రోమీయుల భాష. దానిలో 'సూపర్' అంటే 'పైన'. ఈ ముక్క మనకు కొత్త కాదు. సూపర్ బజారు, సూపర్‌ఫాస్ట్ రైలు అని రోజూ అంటూనే ఉన్నాము. రెండవ ముక్క 'సిలియం'. అంటే కనురెప్ప. ఈ రెండూ కలిస్తే 'సూపర్‌సిలియం', అనగా కనురెప్పకు పైన ఉన్నది. అదేమిటి? కనుబొమ్మ! అంతే. ఈనాటికీ వైద్యులు కనుబొమ్మ దగ్గర ఉబ్బెత్తుగా ఉండే ఎముకను ఈ పేరుతోనే పిలుస్తారు.

మరి కనుబొమ్మ అనే మాట గర్వమునకు పేరెలా అయినది? రోమీయులు మనుష్యుల ముఖములను చూచారు. తనకంటే తక్కువవాడని అనుకొన్న మనిషి ఎదురుపడినప్పుడు గర్విష్ఠి నోరు తెరచి తిట్టనక్కరలేదు. కనుబొమ్మ కొంచెము పైకి లేపితే చాలు. 'నీవెవడవు? ఇక్కడ నీకేమి పని?' అన్న మాటలన్నీ ఆ ఒక్క కదలికలో వచ్చేస్తాయి. అందుచేత రోమీయులు 'సూపర్‌సిలియం' అనే మాటనే గర్వమునకు, కాఠిన్యమునకు కూడ వాడారు. ఆ మాటనుండి పుట్టిన విశేషణము 16వ శతాబ్దములో ఇంగ్లీషులోనికి వచ్చినది. గ్రీకులు కూడ ఇలాగే చేశారు. వారి భాషలో కనుబొమ్మను 'ఓఫ్రూస్' అంటారు. ఆ మాటకు కూడ గర్వము, చులకన అనే అర్థములున్నవి. ఈ గ్రీకు మాటను జ్ఞాపకముంచుకొనండి. కొంచెము సేపటికి ఇది మనకు అవసరమవుతుంది.

ఇంగ్లీషులో ఈ మాటకు చుట్టాలు కూడ ఉన్నారు. 'హాటీ' అనే మాట ఎత్తు అనే అర్థము గల ఫ్రెంచి మాటనుండి వచ్చినది. 'డిస్‌డెయిన్' అంటే మూలములో 'యోగ్యుడు కాడని ఎంచుట'. 'ఆరగెంట్' అంటే మూలములో 'తనది కానిదానిని తనదని చెప్పుకొనుట'. ఒకడు ఎత్తున నిలబడతాడు, తనకు లేని హక్కును చెప్పుకొంటాడు, ఎదుటివానిని అయోగ్యుడని తేలుస్తాడు. ఆ తరువాత కనుబొమ్మ లేస్తుంది.

మన తెలుగు మాటలు

ఇప్పుడు మన భాషకు రండి. రోమీయులు కనుబొమ్మ వరకు వెళ్లి ఆగిపోయారు గాని, మన పెద్దలు ఇంకా పైకి వెళ్లారు. 'వాడికి కళ్లు నెత్తికెక్కాయి' అన్నారు. ఆలోచించండి, ఎంత చక్కని మాట! కళ్లు ఉండవలసిన చోట ఉంటే ఎదురుగా ఉన్న మనిషి కనబడతాడు. నెత్తి మీద ఉంటే ఆకాశము తప్ప మరేమీ కనబడదు. కళ్లు నెత్తికెక్కినవాడు ఒక విధముగా గ్రుడ్డివాడే. మనుష్యులు వానికి అడ్డు వచ్చేవారేగాని కనబడేవారు కారు.

బైబిలులో కూడ ఇదే మాట ఉన్నదని మీకు తెలుసా? సామెతల గ్రంథము 30వ అధ్యాయము 13వ వచనము తీయండి. కన్నులు ఎంతో ఎత్తుగా పెట్టుకొని, కనురెప్పలు పైకెత్తే ఒక తరము ఉన్నదని ఆగూరు చెబుతున్నాడు. హెబ్రీ భాషలో చెప్పబడిన ఆ సంగతిని తెలుగు బైబిలులో పెట్టినవారు మన జాతీయమునే వాడారు. హెబ్రీయుడు, గ్రీకువాడు, రోమీయుడు, తెలుగువాడు నాలుగు చోట్ల నిలబడి ఒకే పాపమును చూచారు. నలుగురూ కన్ను దగ్గరే వేలు పెట్టి చూపించారు. సామెతలు 6వ అధ్యాయములో యెహోవాకు హేయమైనవాటి పట్టిక ఉన్నది. దానిలో అబద్ధము కంటే, రక్తము చిందించే చేతుల కంటే ముందు వ్రాయబడినది గర్వపు కన్నులే.

మన భాషలో ఇంకొక మాట ఉన్నది, 'తృణీకారము'. మందిరములో ఈ మాట తరచుగా వింటాము గాని దాని లోపలికి తొంగి చూడము. తృణము అంటే గడ్డిపోచ. తృణీకరించుట అంటే ఒక మనిషిని గడ్డిపోచగా ఎంచుట. కొల్లేటి దగ్గరున్నవారికి గడ్డి సంగతి నేను చెప్పనక్కరలేదు. కిక్కిస ఎంత పెరుగుతుందో, తొక్కుకొంటూ నడిచేవాడు దానిని ఎంత తేలికగా తొక్కుతాడో వారికి తెలుసు. యెషయా 53వ అధ్యాయము మూడవ వచనములో శ్రమపడే దేవుని సేవకుని గురించి తెలుగు బైబిలు వాడిన మాట ఇదే. మనుష్యులు గడ్డిపోచగా ఎంచినవాడే మనకు రక్షకుడైనాడు. ఆయనను ఆరాధించుచు మరొక మనిషిని గడ్డిపోచగా చూచేవాడు ఎవరి పక్షమున నిలబడియున్నాడో తానే ఆలోచించుకొనవలెను.

ఆటపాక పక్షుల సంగతి

ఇక్కడ ఒక చిన్న సంగతి చెబుతాను. పక్షులను పరిశీలించే శాస్త్రజ్ఞులు కూడ ఈ 'సూపర్‌సిలియం' అనే మాటను వాడతారు. పక్షి కంటికి పైన కనుబొమ్మవలె ఉండే చారకు వారు పెట్టిన పేరు అది. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రమునకు మీలో అనేకులు పిల్లలను తీసికొని వెళ్లియుంటారు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల పట్టికలో చేరినది. చలికాలములో అక్కడికి వచ్చే బాతులలో గార్గనీ అనేది ఒకటి. యూరపునుండి, ఉత్తర ఆసియానుండి వేల మైళ్లు ఎగిరి వస్తుంది. ఆ మగ బాతుకు ఈకలు పూర్తి రంగులో ఉన్నప్పుడు కంటి పైనుండి మెడ వెనుక వరకు తెల్లని చార మెరుస్తూ కనబడుతుంది.

చూడండి, దాని కనుబొమ్మ మన అందరి కనుబొమ్మలకంటే గొప్పది! అయినా అది గూడబాతుల పక్కన, కొంగల పక్కన, అదే నీటిలో, అదే బురదలో మేత వెదకుకొంటుంది. తాను దూరదేశమునుండి వచ్చినదని స్థానిక పక్షులను వెళ్లగొట్టదు. దేవుడిచ్చిన అందము దానికి ఉన్నది గాని, దానితో పక్కవానిని చిన్నబుచ్చే తెలివి దానికి లేదు. ఆ తెలివి మనకే ఉన్నది. కనుబొమ్మ పాపము కాదు. చదువు పాపము కాదు. ఉద్యోగము, ఇల్లు, మంచి బట్టలు పాపము కావు. ఇవన్నీ దేవుడిచ్చిన ఈకలే. వాటిని బట్టి పక్కవానిని చూచే చూపులోనే పాపము పుట్టుచున్నది.

నజరేతు కొండ అంచున

ఇప్పుడు లూకా సువార్త 4వ అధ్యాయమునకు వెళ్దాము. 16వ వచనమునుండి చదవండి. యేసు ప్రభువు తాను పెరిగిన నజరేతుకు వచ్చి, విశ్రాంతి దినమున సమాజమందిరములో యెషయా గ్రంథమును చదివారు. మొదట అందరూ ఆయన మాటలకు ఆశ్చర్యపడ్డారు. అయితే వెంటనే వారిలో ఒక ప్రశ్న లేచినది. ఇతడు యోసేపు కుమారుడు కాడా? మార్కు సువార్త 6వ అధ్యాయములో వడ్లవాడు కాడా అని కూడ అడిగారు. ఊరివారికి ఆయన కుటుంబము తెలుసు, ఆయన చేతి పని తెలుసు. తెలిసినది కాబట్టి చులకన అయినది. మన మధ్య కూడ అంతే కదా! 'వాళ్ల నాన్న మా పొలములో కూలికి వచ్చేవాడు' అన్న ఒక్క మాటతో ఎంత గొప్ప సాక్ష్యమునైనా తుడిచివేయగలము.

అప్పుడు ప్రభువు వారికి రెండు సంగతులు జ్ఞాపకము చేశారు. ఏలీయా దినములలో ఇశ్రాయేలులో ఎందరో విధవరాండ్రు ఉండగా ప్రవక్త పంపబడినది సీదోను దేశములోని సారెపతు విధవరాలి యొద్దకు. ఎలీషా దినములలో ఎందరో కుష్ఠరోగులు ఉండగా శుద్ధి పొందినది సిరియావాడైన నయమాను. ఇది వినగానే మందిరము ఆగ్రహముతో నిండిపోయినది. ఎందుకు? తాము చులకనగా చూచే అన్యజనులను దేవుడు ఆదరముతో చూచాడని విన్నందుకు. దేవుడు తమను ప్రేమించడని ప్రభువు చెప్పలేదు. వారిని కూడ ప్రేమించాడని మాత్రమే చెప్పారు. గర్వించే హృదయము ఆ మాటను ఓర్చుకోలేదు.

తరువాత 29వ వచనము చూడండి. వారు లేచి, ఆయనను ఊరి వెలుపలికి నెట్టుకొనిపోయి, ఊరు కట్టబడిన కొండ అంచునుండి తలక్రిందుగా పడద్రోయవలెనని చూచారు. ఆ అంచును మన తెలుగు బైబిలు 'కొండపేటు' అంటుంది. గ్రీకులో లూకా వ్రాసిన మాట ఏమిటో తెలుసా? 'ఓఫ్రూస్'. కనుబొమ్మ! నాలుగవ శతాబ్దము చివర జెరోము సువార్తలను లాటినులో సరిచూచి ఇచ్చినప్పుడు ఇక్కడ పెట్టిన మాట 'సూపర్‌సిలియం'. ఆ భాషలలో కొండ అంచుకు కొండ కనుబొమ్మ అని పేరు. ముఖములో కనుబొమ్మ ఎలా ముందుకు పొడుచుకొని ఉంటుందో, కొండ అంచు అలా లోయపైకి పొడుచుకొని ఉంటుంది గనుక ఆ పేరు వచ్చినది.

లూకా మాటలతో ఆట ఆడాడని నేను చెప్పడం లేదు. ఆ కాలములో కొండ అంచును అలాగే అనేవారు. అయితే చదివే మనకు ఒక సంగతి కనబడుచున్నది. ఉదయము మందిరములో లేచిన చులకన చూపు, పూట గడవకముందే ఒక మనిషిని చంపడానికి కొండ అంచు వరకు తీసికొనిపోయినది. 'ఇతడెంతటివాడు' అని మొదలైనది 'ఇతడు ఉండకూడదు' అనే వరకు వచ్చినది. చులకన చిన్న పాపమని అనుకొనేవారు ఈ రెండు వచనముల మధ్య దూరమును కొలిచి చూడండి. ప్రభువు మాత్రము వారి మధ్యనుండి దాటి తన మార్గమున వెళ్లిపోయారు. ఆ ఊరు తన రక్షకుని పోగొట్టుకొన్నది.

చెప్పులు కుట్టేవాని పేరు

ఇంగ్లీషులో ఇంకొక మాట ఉన్నది, 'స్నాబ్'. ఇతరులను చిన్నచూపు చూస్తూ పెద్దవారి వెంటబడేవానిని అలా పిలుస్తారు. 18వ శతాబ్దము చివర ఈ మాటకు అర్థము చెప్పులు కుట్టేవాడు! కేంబ్రిడ్జి విద్యార్థులు ఊరి సామాన్యులను ఆ మాటతో పిలిచేవారు. కలకత్తాలో పుట్టిన థాకరే అనే రచయిత 1848లో 'బుక్ ఆఫ్ స్నాబ్స్' అనే పుస్తకమును ప్రచురించాడు. ఈనాటి అర్థము వ్యాపించడానికి అది కారణమైనది. గమనించారా? ఒకప్పుడు చులకన చేయబడినవాని పేరు, ఇప్పుడు చులకన చేసేవాని పేరైనది.

చెప్పులు కుట్టేవాడు అనగానే విలియం కేరీ గుర్తుకు రావలెను. ఆయన 1761లో ఇంగ్లండులో పుట్టి, చెప్పుల పని నేర్చుకొని, 1793లో ఇండియాకు వచ్చాడు. శ్రీరాంపూరులో ఉండి అనేక భారతీయ భాషలలో బైబిలు ముద్రింపజేశాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన కూడ అక్కడే అచ్చయినది. సిడ్నీ స్మిత్ అనే మతగురువు 1809లో ఒక పేరుగల పత్రికలో ఆ మిషనరీలను చెప్పులు కుట్టేవారని ఎగతాళి చేశాడు. ఒక విందులో ఒక సైనికాధికారి, కేరీ ఒకప్పుడు చెప్పులు తయారుచేసేవాడు కదా అని అందరికీ వినబడేలా అన్నాడట. కాదండీ, పాత చెప్పులకు మరమ్మతులు చేసేవాడిని మాత్రమే అని కేరీ జవాబిచ్చినట్లు ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. చూడండి, ఎదుటివాడు ఒక మెట్టు దించాలని చూస్తే ఆయన తనంతట తానే ఇంకొక మెట్టు దిగాడు. దిగినవానిని ఇక ఎవరు దించగలరు?

మన తెలుగు దేశములో గుర్రం జాషువా కవిని తీసికొనండి. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన కులమును బట్టి ఎన్ని అవమానములు పొందాడో తెలుగువారికి తెలుసు. 1941లో వెలువడిన 'గబ్బిలం' కావ్యములో ఒక అంటరానివాడు తన గోడు కాశీలోని శివునికి చెప్పమని గబ్బిలమును పంపుతాడు. ఎందుకు గబ్బిలము? గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు, దానికి ఉన్నది. ఒక మనిషికంటే గబ్బిలమునకు ఎక్కువ చోటిచ్చిన సమాజమును ఆయన మన కళ్లయెదుట పెట్టాడు.

సంఘములో ఉన్నవారు ఇది విని, 'అది బయటివారి సంగతి' అనుకొనవద్దు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య అనే మన దేశపు యువ సేవకుడు లేచి మాట్లాడాడు. ఆయన తిరునల్వేలి ప్రాంతమువాడు. దోర్నకల్లులో తెలుగువారి మధ్య సువార్త పని చేయుచున్నాడు. మిషనరీలు చేసిన త్యాగములను మేము మరువము, అయితే వారు మాతో సమానులుగా కూర్చుండి భోజనము చేయరు, మాకు కావలసినది స్నేహితులు అన్నది ఆయన మాటల సారాంశము. సభలో కొందరికి కోపము వచ్చినది. ధనమిచ్చారు, ఆసుపత్రులు కట్టారు, బడులు పెట్టారు. ఇంకేమి కావాలి? ఆయన అడిగినది కనుబొమ్మ దించమని. మేలు చేస్తూ కూడ మనిషిని చిన్నచూపు చూడవచ్చునని ఆ దినము ఆ సభ వినవలసి వచ్చినది. 1912లో అజరయ్యగారు దోర్నకల్లు బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తరువాతి కాలములో కృష్ణా ప్రాంతపు సంఘములు కూడ ఆయన డయోసిస్‌లో చేరాయి.

మన మందిరములో

ఇప్పుడు మన దగ్గరకు వద్దాము. తెల్లవారు మనలను చిన్నచూపు చూచారని చెప్పుకొంటాము. పై కులములవారు చిన్నచూపు చూచారని చెప్పుకొంటాము. అది నిజమే, చెప్పవలసినదే. అయితే మనము ఎవరిని చూచుచున్నాము, ఎలా చూచుచున్నాము? ఒకే ఊరిలో, ఒకే ప్రభువు పేరున, ఈ పేటకొక మందిరము, ఆ పేటకొక మందిరము ఎందుకున్నవి? క్రైస్తవ పెండ్లి ప్రకటనలలో విశ్వాసము తరువాత కులము పేరు ఎందుకు అడుగుచున్నాము? ఒకే రొట్టె విరిచి తినినవారము, ఒకరి ఇంటిలో ఒకరము అన్నము తినడానికి ఎందుకు వెనుకాడుచున్నాము?

ఆదికాండము 16వ అధ్యాయములో హాగరు ఉన్నది. ఆమె దాసి, పరదేశి, ఇంటిలో అందరికంటే తక్కువది. అయితే తాను గర్భవతినని తెలిసికొనగానే ఆమె కంటికి తన యజమానురాలు తక్కువైపోయినది. అణగద్రొక్కబడినవారి కనుబొమ్మ కూడ లేవగలదు, ప్రియులారా. మనలను త్రొక్కినవారినుండి ఆ చూపును నేర్చుకొని, మనకంటే ఒక మెట్టు క్రింద ఉన్నవారి మీద ప్రయోగించడం మనలో జరుగుచున్నది.

కొల్లేటి చేపలు తెచ్చి ఏలూరు బజారులో అమ్ముకొనే తల్లి, బుట్ట పట్టుకొని బస్సు ఎక్కితే పక్కనున్నవారు ముక్కు మూసికొని జరిగిపోతారు. ఆదివారము ఆమె మందిరములో మన పక్కన కూర్చుంటే? పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను వలలు విడిచి వచ్చిన దినమున వారి బట్టలు ఏ వాసన వేసియుంటాయి? ప్రభువు జరిగిపోయి ఉంటే మనకు సువార్త ఎవరు తెచ్చేవారు?

యాకోబు పత్రిక 2వ అధ్యాయము మందిరములో సీట్ల సంగతి మాట్లాడుతుంది. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి పాదపీఠము దగ్గర చోటు! ఏలూరు ఉన్ని తివాచీలు పేరుపొందినవి. పూర్వము పర్షియానుండి వచ్చిన పనివారు ఇక్కడ ఆ నేతకు పునాది వేశారు. నేసేవాడు తలవంచుకొని ఒక్కొక్క ముడి వేస్తాడు. దాని మీద నడిచేవాడు తల ఎత్తుకొని వెళ్లిపోతాడు. క్రింద చూస్తేనే కదా ఎవరి కష్టము మీద నడుచుచున్నాడో తెలిసేది!

ఇంకొక మాట. తల్లిదండ్రులు కూలి చేసి, అప్పు చేసి పిల్లలను చదివిస్తారు. ఆ పిల్లలు హైదరాబాదు వెళ్లి, విదేశములకు వెళ్లి, తిరిగి వచ్చిన తరువాత తండ్రి మాట తీరుకు, తల్లి చీరకు స్నేహితుల ముందు సిగ్గుపడతారు. సామెతలు 30వ అధ్యాయములో పైకెత్తిన కనురెప్పల గురించి 13వ వచనము చెప్పినది కదా? నాలుగు వచనములు దాటగానే 17వ వచనములో తండ్రిని అపహసించి తల్లి మాటను నిర్లక్ష్యపెట్టే కన్నుకు రాబోయే భయంకరమైన శిక్ష ఉన్నది. ఈ చూపు వీధిలోనే కాదు, ఇంటిలో కూడ పుడుతుంది.

ప్రభువు ఎక్కడ చూచారు?

మన ప్రభువు కన్నులను గమనించండి. యెరికోలో జక్కయ్య చెట్టెక్కాడు. ఊరంతా ఆ సుంకరిని పాపి అని చూచినది. ప్రభువు చెట్టు క్రింద నిలబడి తల పైకెత్తి అతనిని చూచారు. చివరి రాత్రి శిష్యుల పాదములు కడిగారు. పాదములు కడిగేవాడు ఎదుటివాని ముఖము చూడవలెనంటే తల పైకెత్తవలసినదే. మహిమగల దేవుని కుమారుడు ఒక జాలరి ముఖమును క్రిందనుండి పైకి చూచాడు! లూకా 18లోని ఉపమానములో పరిసయ్యుడు ఇతరులను చూచి తన మేలు లెక్కపెట్టుకొన్నాడు. సుంకరి మాత్రము కన్నులెత్తడానికి కూడ ధైర్యము చేయలేదు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్లినది ఎవరో మీకు తెలుసు.

మరి దేవుడు పైనుండి చూడడా అని ఎవరైనా అడగవచ్చును. చూస్తాడు. 113వ కీర్తన, 138వ కీర్తన చదవండి. ఆయన మహోన్నతుడు, అయినను దీనులను లక్ష్యపెట్టేవాడు. పైనుండి చూచుట వేరు, చిన్నచూపు చూచుట వేరు. తల్లి ఉయ్యాలలోని బిడ్డను పైనుండే చూస్తుంది. ఆమె వంగేది ఎత్తుకోవడానికి.

కొల్లేరు మనకు ఇదే చెబుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లముగా ఉన్న నేల అది. పల్లము గనుకనే బుడమేరు, తమ్మిలేరు వచ్చి దానిలో చేరుతాయి. నిండినది ఉప్పుటేరు మీదుగా సముద్రములో కలుస్తుంది. సరస్సు లోపల చేపల చెరువుల గట్లు లేచినప్పుడు నీటి దారి మూసుకొన్నది. 2006లో ఆ గట్లలో అనేకము ప్రభుత్వము తెగగొట్టించినది. ఆ గట్ల వెనుక పేదల జీవనోపాధి కష్టములు కూడ ఉన్నవి, వాటిని తేలికగా మాట్లాడడం మన పని కాదు. మనము నేర్చుకొనవలసినది ఒక్కటే. గట్టు ఎత్తుకొన్నచోటికి నీరు రాదు. దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప ఇస్తాడని యాకోబు, పేతురు ఇద్దరూ వ్రాశారు. కృప కూడ పల్లమునకే పారుతుంది.

మూడు ప్రశ్నలు

ముగించేముందు మూడు ప్రశ్నలు మీ యెదుట పెడుతున్నాను. ఈ వారమంతా వీటిని మనస్సులో ఉంచుకొనండి.

మొదటిది. మీ ఇంటిలో పని చేసే మనిషి, మీ వీధి ఊడ్చే మనిషి పేరు మీకు తెలుసా? పేరు తెలియని మనిషిని గడ్డిపోచగా ఎంచడం తేలిక.

రెండవది. గత సంవత్సరములో మీతో సమానముగా కూర్చుండి మీ ఇంటిలో భోజనము చేసిన, మీ కులము కాని, మీ స్థాయి కాని విశ్వాసి ఎవరైనా ఉన్నారా? అజరయ్యగారు 1910లో అడిగిన ప్రశ్న మన గుమ్మము ముందు ఇంకా నిలబడియున్నది.

మూడవది. మీకంటే తక్కువ చదువుకొన్నవారు వాక్యము చెప్పినప్పుడు మీరు వింటారా, లేక తప్పులు లెక్కపెడతారా? నజరేతువారు వడ్లవాని మాట విని ఏమి పోగొట్టుకొన్నారో జ్ఞాపకము చేసికొనండి.

మీలో కొందరు ఇలాంటి చూపులకు గాయపడినవారు ఉంటారు. పెండ్లి పందిరిలో, ఆఫీసులో, చివరికి మందిరములో కూడ ఆ కనుబొమ్మ మీ మీద లేచియుండవచ్చును. మీతో ఒక్క మాట. తృణీకరింపబడినవాడు మీ పక్షమున ఉన్నాడు. మీ విలువ ఆ చూపులో లేదు, ఆయన సిలువలో ఉన్నది. అయితే ఆ చూపును మీరు మరొకరికి అందించవద్దు. అది మీ దగ్గర ఆగిపోనివ్వండి.

ప్రార్థన చేద్దాము. పరలోకమందున్న మా తండ్రీ, నెత్తికెక్కిన మా కన్నులను మరల వాటి చోటికి దించుము. మా పక్కనున్న మనిషిని చూచే కృప మాకిమ్ము. దాసుని రూపము ధరించుకొన్న నీ కుమారుని మనస్సు మా ఇండ్లలో, మా సంఘములలో ఉండనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.